ఏటా గ్యాస్ కొట్టిస్తున్నా కార్ ఏసీ ఎందుకు చల్లబడదు: ఉండి కూడా దొరకని లీక్ సంగతి

క్లుప్తంగా: కార్ ఏసీ గ్యాస్ వాడితే అరిగిపోయేది కాదు, తగ్గిందంటే ఎక్కడో బయటికి పోయినట్టే. ఒక్క సీజన్‌లో చల్లదనం పోగొట్టే లీక్ కూడా గంటకి ఒక టీస్పూన్ ఆవిరికి మించదు, అందుకే మామూలుగా చేసే వాక్యూమ్ టెస్టుకి (లోపలి గాలంతా లాగేసి గేజ్ ముల్లు కదులుతుందా అని చూడటం) అది కనపడదు. దానికి తోడు చాలా లీకులు ఫలానా ప్రెజర్‌లో, ఫలానా వేడిలో, బండి ఫలానా స్థితిలో ఉన్నప్పుడే తెరుచుకుంటాయి. టెస్టు ఆ స్థితిని తెప్పించకపోతే లీక్ దొరకదు.

షాపులో ఏం జరుగుతుంది

ఎండలు ముదిరేసరికి ఏసీ షాపుల ముందు కార్లు బారులు తీరతాయి, కంప్లైంట్ దాదాపు అందరిదీ ఒకటే: పోయినేడు గ్యాస్ కొట్టించాం, దసరా దాకా బానే ఉంది, ఇప్పుడు గాలి వస్తోంది తప్ప చల్లదనం లేదు. మెకానిక్ గేజ్ పెడతాడు, గ్యాస్ తక్కువుందంటాడు, వాక్యూమ్ కొట్టి అరగంట చూస్తాడు, ముల్లు కదలదు, లీకేం లేదండీ అని మళ్ళీ నింపి పంపిస్తాడు. వచ్చే ఏడాది మళ్ళీ ఇదే తంతు. మోసం చేశాడనో పని రాదనో అనుకోవడం తేలికే గానీ చాలా సందర్భాల్లో ఆయన చెప్పింది నిజమే, ఆ అరగంటలో ఆ టెస్టుకి లీక్ కనపడలేదు. మరి ఆ టెస్టు దేన్ని చూడగలదు, దేన్ని చూడలేదు అన్నదే చూడాల్సింది.

ఫ్రిజ్‌లో పోని గ్యాస్ కార్లో ఎందుకు పోతుంది

ఇంట్లో ఫ్రిజ్ పదిహేనేళ్ళు ఆడినా గ్యాస్ నింపాల్సిన పని రాకపోవచ్చు, ఎందుకంటే అక్కడ మోటారు, కంప్రెసర్ రెండూ ఒకే ఉక్కు డబ్బాలో సీల్ అయిపోయి ఉంటాయి, పైపులన్నీ బ్రేజింగ్ చేసి అతికేస్తారు. కార్లో కంప్రెసర్‌ని తిప్పేది ఇంజిన్ బెల్టు, కాబట్టి షాఫ్ట్ బయటికి రావాల్సిందే, వచ్చిన చోట సీల్ పెట్టాల్సిందే. ఇంజిన్ ఊగుతుంది కాబట్టి కొంత దూరం రబ్బరు గొట్టాలే గతి. విప్పడానికి వీలుండాలి కాబట్టి ప్రతి జాయింట్‌లో ఓ-రింగ్ అనే గుండ్రటి రబ్బరు సీల్. ఇవన్నీ కలిపితే ఏ లోపమూ లేని కారులో కూడా ఏడాదికి కొన్ని గ్రాములు రబ్బరులోంచీ సీల్లోంచీ జారిపోతూనే ఉంటాయి, అది డిజైన్‌లోనే ఉన్న విషయం, ఏడెనిమిదేళ్ళ బండిలో కాస్త తగ్గిందంటే కంగారు పడేదేం లేదు. కానీ ఒక్క ఎండాకాలం నుంచి ఇంకో ఎండాకాలానికి చల్లదనం పోయిందంటే అది లీకే.

అలాగని చల్లబడని ప్రతి ఏసీకీ లీక్ అంటగట్టకూడదు. బండి ముందుండి వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఫ్యాన్ తిరక్కపోయినా, క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా, కంప్రెసర్‌ని బెల్టుతో కలిపే క్లచ్ గ్యాప్ పెరిగి వేడెక్కగానే పట్టు వదిలేసినా, గ్యాస్‌ని కొలతగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఇరుక్కున్నా, డాష్‌బోర్డ్ లోపల హీటర్ తలుపు సరిగ్గా మూసుకోకపోయినా లోపల కూర్చున్నవాళ్ళకి తెలిసేది ఒకటే, చల్లగా లేదని. ఇవేవీ చూడకుండా గ్యాస్ పోస్తే ఉన్నదానికి ఇంకా ఎక్కువైపోయి అసలే తక్కువున్న చల్లదనం ఇంకా తగ్గుతుంది.

గేజ్ ఏం చెప్తుంది, తూకం ఏం చెప్తుంది

ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు గేజ్ పెట్టి, ప్రెజర్ బానే ఉంది కాబట్టి గ్యాస్ ఉంది అనడం చాలా చోట్ల వినపడుతుంది. ఇది తప్పు. కార్ ఏసీల్లో వాడే ఆర్-134ఎ అనే గ్యాస్ లోపల కొంత ద్రవంగా, కొంత ఆవిరిగా ఉంటుంది, అలా రెండూ కలిసి ఉన్నంతసేపు ప్రెజర్‌ని నిర్ణయించేది ఉష్ణోగ్రతే గానీ ఎన్ని గ్రాములున్నాయన్నది కాదు. 30 డిగ్రీల దగ్గర సుమారు 97 పీఎస్ఐ చూపిస్తుంది, లోపల 450 గ్రాములున్నా అదే, 250 ఉన్నా అదే. 20 డిగ్రీలకి 68 దాకా దిగుతుంది, 45 డిగ్రీలకి 150 దాటుతుంది, గ్యాస్ మాత్రం ఒక్క గ్రాము కూడా మారలేదు. ద్రవం మొత్తం ఆవిరైపోయాకే ఈ గేజ్ పడిపోవడం మొదలవుతుంది, అప్పటికి సగానికి పైగా పోయినట్టే.

ఏసీ నడుస్తున్నప్పుడు చూసే ప్రెజర్లు కాస్త నయం, రెండు వైపులా (కంప్రెసర్ తోసే హై సైడ్, అది పీల్చే లో సైడ్) తక్కువ చూపిస్తే గ్యాస్ తక్కువుందన్న అనుమానం బలపడుతుంది, కానీ ఎంత తక్కువో అదీ చెప్పలేదు. లెక్క తేల్చేది తూకమే. బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములు నింపాలో రాసే ఉంటుంది, చిన్న కార్లలో అది అరకిలోకి అటూ ఇటూ, వెనక సీట్లకి కూడా ఏసీ ఉన్న పెద్ద బండ్లలో ఇంకా ఎక్కువ. రికవరీ మెషీన్‌తో లోపలున్నదంతా బయటికి తీసి తూచితే లీక్ వేగం బయటపడుతుంది. స్టిక్కర్ 450 అని, పది నెలల క్రితం సరిగ్గా తూచి నింపారని, ఇప్పుడు 300 వచ్చిందని అనుకుంటే నెలకి 15 గ్రాములు పోతున్నట్టు. అంటే రోజుకి అర గ్రాము. ఆవిరి రూపంలో లీటరుకి నాలుగు గ్రాముల పైచిలుకు బరువు ఉంటుంది కాబట్టి ఆ అర గ్రాము అంటే రోజుకి 120 మిల్లీలీటర్లు, గంటకి 5 మిల్లీలీటర్లు, ఒక టీస్పూన్. ఈ ఒక్క అంకె గుర్తుంటే మిగతా టెస్టులు ఎందుకు ఫెయిలవుతాయో అర్థమైపోతుంది.

వాక్యూమ్ నిలబడితే లీక్ లేనట్టేనా

కాదు. వాక్యూమ్ కొట్టేది లోపలున్న గాలినీ తేమనీ లాగెయ్యడానికి, అది చాలా అవసరమైన పని, దాన్నే లీక్ టెస్టుగా వాడటం దగ్గరే తేడా వస్తుంది. సిస్టమ్ లోపలి ఖాళీ ఓ మూడు లీటర్లు అనుకుని, గంటలో అదే టీస్పూన్ గాలి లోపలికి దూరిందనుకున్నా వాక్యూమ్‌ని 30 అంగుళాల దాకా కొలిచే గేజ్ మీద ముల్లు కదిలేది అంగుళంలో ఇరవయ్యో వంతు. అరగంట చూస్తే అందులో సగం. మామూలు గేజ్‌లో దాన్ని కంటితో పట్టడం జరిగే పని కాదు.

ఇంకో చిక్కు ప్రెజర్ తేడాది. వాక్యూమ్‌లో లోపలికీ బయటికీ తేడా ఎంత గట్టిగా లాగినా 14.7 పీఎస్ఐ మించదు, అదీ బయట నుంచి లోపలికి. రామగుండంలోనో రెంటచింతలలోనో 45 డిగ్రీల ఎండలో ట్రాఫిక్‌లో నిలబడ్డ కారులో హై సైడ్ ప్రెజర్ 250, ఒక్కోసారి 300 పీఎస్ఐ, అదీ లోపల్నుంచి బయటికి. గొట్టం పగులు లోపల్నుంచి తోస్తే తెరుచుకుంటుంది, బయట నుంచి నొక్కితే మూసుకుంటుంది, కాబట్టి వాక్యూమ్‌లో చక్కగా నిలబడిన గొట్టమే ఎండలో గ్యాస్ వదలడంలో వింతేం లేదు. అటు నుంచి ఇటు కూడా తప్పు జరుగుతుంది, లోపల తేమ ఉంటే అది ఆవిరై ముల్లు పైకి లేస్తుంది, గేజ్ గొట్టమే కారినా లేస్తుంది, అప్పుడు లేని లీక్ ఉన్నట్టు కనపడుతుంది.

నైట్రోజన్ ఎంతవరకు పనికొస్తుంది

వాక్యూమ్ కంటే ఇది మెరుగే. గ్యాస్ మొత్తం తీసేసి, రెగ్యులేటర్ పెట్టి పొడి నైట్రోజన్ 150 నుంచి 200 పీఎస్ఐ దాకా ఎక్కించి వదిలేస్తారు. రెగ్యులేటర్ లేకుండా సిలిండర్‌ని నేరుగా తగిలించడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే. టైర్ల షాపు కంప్రెసర్ గాలి ఎక్కించడం కూడా మంచిది కాదు, తేమ లోపలికి పోతుంది, పైగా ప్రెజర్‌లో గాలితో కలిసిన ఆర్-134ఎ మండే అవకాశం ఉంది. ఆక్సిజన్ సంగతి చెప్పనే అక్కర్లేదు, నూనె తగిలితే పేలుతుంది.

కానీ రాత్రంతా వదిలి పొద్దున్నే గేజ్ చూసి తీర్పు చెప్పడంలో ఒక లోపం ఉంది. సాయంత్రం 35 డిగ్రీల్లో 200 పీఎస్ఐ పెట్టిన సిస్టమ్ పొద్దున 25 డిగ్రీలకి ఏ లీకూ లేకుండానే 193కి దిగుతుంది. మన టీస్పూన్ లీక్ మాత్రం, నైట్రోజన్ ప్రెజర్ ఎక్కువ కాబట్టి నాలుగైదు రెట్లు ఎక్కువ పోయిందనుకున్నా, పన్నెండు గంటల్లో దించేది ఒకటి, ఒకటిన్నర పీఎస్ఐ. అంటే వాతావరణం చేసే మార్పులో లీక్ చేసే మార్పు మునిగిపోతుంది. ఉష్ణోగ్రత రాసుకుని లెక్క సరిచేస్తే తప్ప ఆ అంకెకి విలువ లేదు.

దీనికి అనుభవం ఉన్నవాళ్ళు చేసేది భాగాలు విడగొట్టడం. డాష్‌బోర్డ్ లోపల గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్‌కి వెళ్ళే రెండు పైపులూ విప్పి, రెండు వైపులా బ్లాక్ చేసి, ఒక్క కాయిల్‌కే ప్రెజర్ పెడితే ఖాళీ మూడు లీటర్ల నుంచి అర లీటరుకో ఇంకా తక్కువకో పడిపోతుంది, అదే లీక్ ఇప్పుడు ఆరు రెట్లు ఎక్కువ ప్రెజర్ దించుతుంది. కండెన్సర్‌ని కూడా ఇలాగే విడిగా చూడొచ్చు. శ్రమ ఎక్కువ, బిల్లు కూడా ఎక్కువ, కానీ డాష్‌బోర్డ్ దించాలా వద్దా అన్న నిర్ణయానికి ఇంతకన్నా గట్టి ఆధారం తక్కువే. కొన్ని చోట్ల నైట్రోజన్‌లో 5 శాతం హైడ్రోజన్ కలిపిన మిశ్రమం వాడి హైడ్రోజన్ డిటెక్టర్‌తో వెతుకుతారు, హైడ్రోజన్ అణువు చాలా చిన్నది కాబట్టి సన్న సందుల్లోంచి కూడా వచ్చేస్తుంది.

సబ్బు నీళ్ళు, డై, డిటెక్టర్

సైకిల్ ట్యూబ్‌ని నీళ్ళ తొట్టిలో ముంచినట్టు మొత్తం ఏసీని ముంచలేం కాబట్టి కనపడే జాయింట్ల మీద సబ్బు నీళ్ళు రాస్తారు. చెయ్యి పోయేచోట అది బానే పనిచేస్తుంది, ఓపిగ్గా నిమిషాల తరబడి చూస్తే చిన్న లీక్ కూడా నురగ పెడుతుంది. బంపర్ వెనకున్న కండెన్సర్ మూలల్లో, కంప్రెసర్ కింద, డాష్‌బోర్డ్ లోపల మాత్రం చూడటానికే వీలుండదు.

యూవీ డై అనే మెరిసే రంగు గ్యాస్‌తో పాటు తిరిగే నూనెలో కలుస్తుంది, లీక్ దగ్గర నూనె బయటికి వస్తే యూవీ టార్చ్ కింద పచ్చగా మెరుస్తుంది. సన్న లీకులకి ఇది మంచి పద్ధతి, కానీ వారమో నెలో కారు తిప్పాక మళ్ళీ చూడాలి, నింపిన గంటలో చూసి ఏం లేదంటే కుదరదు. సర్వీస్ పోర్ట్ దగ్గర గేజ్ తీసేటప్పుడు చిందిన చుక్కలు కూడా మెరుస్తాయి, పాత రిపేర్ తాలూకు డై తుడవకపోతే అదీ మెరుస్తుంది. అందుకే డై వేసేముందు అన్ని చోట్లా శుభ్రం చెయ్యకపోతే తర్వాత కనపడే వెలుగుకి అర్థం ఉండదు. డై లేకపోయినా ఏదైనా జాయింట్ దగ్గర జిడ్డుగా దుమ్ము పట్టి ఉంటే అది ఖర్చు లేని క్లూ.

గాల్లో గ్యాస్ జాడ తగిలితే మోగే ఎలక్ట్రానిక్ డిటెక్టర్ వీటన్నిటికంటే చురుకైనది, అమెరికాలోని వాహన ఇంజనీర్ల సంస్థ ఎస్ఏఈ ప్రమాణం జే2791 ప్రకారం తయారైనవి ఏడాదికి 4 గ్రాములు పోయే లీక్‌ని కూడా పట్టాలి. మన లీక్ ఏడాదికి 180 గ్రాములు, అంటే ఈ యంత్రానికి అది పెద్ద లీక్ కిందే లెక్క. మరి దొరక్కపోవడానికి కారణం ఎక్కువగా వాడే పద్ధతే. ఆర్-134ఎ ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువు, కిందికి జారుతుంది, కాబట్టి ప్రోబ్ జాయింట్ కింద పెట్టాలి, పైన కాదు. సెకనుకి అంగుళం, రెండంగుళాలకి మించి కదపకూడదు. ఫ్యాన్ తిరుగుతుంటే, గాలి వీస్తుంటే పనికిరాదు. షాపులో అప్పుడే పక్క కారు గ్యాస్ గాల్లోకి వదిలి ఉంటే యంత్రం ఎక్కడ పెట్టినా అరుస్తుంది, ఇది మనదగ్గర చిన్న సమస్యేం కాదు.

ఏ లీక్ ఎప్పుడు తెరుచుకుంటుంది

దొరకని లీక్ అనగానే అందరూ చాలా చిన్న రంధ్రాన్ని ఊహించుకుంటారు, నిజానికి టెస్టు చేసే టైమ్‌కి మూసుకుని ఉన్న లీకులు కూడా తక్కువేం కాదు.

సర్వీస్ పోర్ట్‌లో ఉండే వాల్వ్ పిన్ దీనికి మంచి ఉదాహరణ. పిన్ కారుతుంటే గేజ్ కప్లర్ తగిలించిన మరుక్షణం ఆ లీక్ కప్లర్ లోపలికి పోతుంది, బయటికి ఏమీ రాదు, ఎన్ని గంటలు చూసినా దొరకదు. గేజ్ తీసేశాక పోర్ట్‌లో రెండు చుక్కల సబ్బు నీళ్ళు వేస్తే బుడగ లేస్తుంది. మార్చాల్సింది చిన్న పిన్, మూత కూడా పోయి ఉంటే ఓ మూత, ఎందుకంటే ఆ ప్లాస్టిక్ మూత దుమ్ము ఆపడానికి మాత్రమే కాదు, లోపల సీల్ ఉన్న రెండో అడ్డం అది. దీనికి బదులు కాయిల్ మార్చేసిన కార్లు ఉన్నాయంటే నమ్మొచ్చు.

కంప్రెసర్ షాఫ్ట్ సీల్ ఇంకో రకం. షాఫ్ట్ తిరుగుతున్నప్పుడు నూనె పొర దాన్ని తడిపి ఉంచుతుంది, నెలల తరబడి ఏసీ వెయ్యకపోతే సీల్ ఎండిపోయి, బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడే కారుతుంది. చలికాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ వెయ్యమనేది ఇందుకే. క్లచ్ చుట్టూ, దానికి ఎదురుగా బానెట్ లోపలి వైపు నూనె గీతలా చిమ్మి ఉంటే ఇదే అనుమానించాలి. గొట్టాల క్రింపింగ్ (రబ్బరుని లోహపు పైపుకి నొక్కి బిగించిన చోటు) దగ్గరి లీకులు దీనికి రివర్స్, ఇంజిన్ వేడెక్కి, ప్రెజర్ పెరిగి, గొట్టం ఊగుతున్నప్పుడే వదులుతాయి, చల్లబడ్డ బండిలో ఎంత వెతికినా లాభం లేదు. కండెన్సర్ ముందు వైపు ఉంటుంది కాబట్టి రాళ్ళ దెబ్బలు తింటుంది, విశాఖ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పు గాలి కూడా తోడవుతుంది, అదీ హై సైడే, నడుస్తున్నప్పుడే ఎక్కువ కారుతుంది.

కూలింగ్ కాయిల్: డాష్‌బోర్డ్ వెనక దాక్కున్న అనుమానితుడు

మిగతావన్నీ వెతికి ఏం దొరక్కపోతే చివరికి వేలు చూపించేది కాయిల్ వైపే, కొన్నిసార్లు న్యాయంగా, కొన్నిసార్లు వేరే దొరకలేదు కాబట్టి. ఇది లో సైడ్‌లో ఉంటుంది, ఏసీ నడుస్తున్నప్పుడు లోపల 30 పీఎస్ఐ చుట్టుపక్కలే, పైగా పైన నీళ్ళు పట్టి ఉంటాయి, సన్న రంధ్రాన్ని ఆ నీటి పొర కప్పేస్తుంది. ఏసీ ఆపగానే రెండు వైపులా ప్రెజర్ సమానమై కాయిల్లో ప్రెజర్ మూడు రెట్లు పైగా పెరుగుతుంది, ఎండలో నిలిపిన కారులో ఇంకా ఎక్కువ. అంటే కాయిల్ లీక్ బండి నడిచేటప్పటి కంటే పార్కింగ్‌లోనే ఎక్కువ గ్యాస్ పోగొడుతుంది, నడుస్తున్న ఏసీలో దాన్ని వెతకడం చీకట్లో తడుముకోవడమే.

ఇది పాడవడానికి కారణం ఎక్కువగా తడి, చెత్త. ముందు అద్దం కింద జాలీలోంచి ఆకులు, దుమ్ము లోపలికి పోయి తడి కాయిల్ మీద పేరుకుని కుళ్ళుతాయి, ఆ తేమలో అల్యూమినియం మెల్లగా గుంటలు పడుతుంది. చాలా పాత చిన్న కార్లలో క్యాబిన్ ఫిల్టరే ఉండేది కాదు, ఉన్నవాటిలో కూడా మార్చేవాళ్ళు తక్కువ.

డాష్‌బోర్డ్ దించకుండా దీన్ని చూసే పద్ధతి ఉంది. ఏసీ ఆపి, బ్లోయర్‌ని ఓ పదిహేను సెకన్లు ఫుల్ స్పీడ్‌లో తిప్పి ఆపేసి, పది పదిహేను నిమిషాలు కారుని కదపకుండా వదిలెయ్యాలి, లీక్ అయిన ఆవిరి బరువుకి కాయిల్ డబ్బా అడుగున చేరుతుంది. అప్పుడు బ్లోయర్ రెసిస్టర్ (బ్లోయర్ వేగం మార్చే భాగం) విప్పిన సందులోంచో, నీళ్ళు కారే గొట్టంలోంచో డిటెక్టర్ పెడితే మోగుతుంది. గొట్టంలో నీళ్ళు లేకుండా చూసుకోవాలి, ప్రోబ్ తడిస్తే పాడవుతుంది. డై వేసి ఉంటే ఆ కారే నీళ్ళలో కూడా పచ్చరంగు కనపడొచ్చు. ఇవేవీ చెయ్యకుండా కాయిల్ పోయింది, డాష్‌బోర్డ్ దించాలి అంటే ఎందుకనుకుంటున్నారో అడగడంలో తప్పులేదు, ఎందుకంటే ఆ పనిలో ఖర్చు కాయిల్‌ది ఒక్కటే కాదు, గంటల కూలీ, విప్పి బిగించాక మిగిలిపోయే కిర్రుకిర్రు శబ్దాలు కూడా.

ఊరికే నింపుకుంటూ పోతే

ఏడాదికోసారి నింపించుకుంటే చౌకే కదా అనిపిస్తుంది, లీక్ నిజంగా సన్నదైతే ఆ లెక్కలో కొంత నిజం కూడా ఉంది. కానీ గ్యాస్‌తో పాటు నూనె కూడా పోతుంది, గ్యాస్ తగ్గిన సిస్టమ్‌లో మిగిలిన నూనె కంప్రెసర్‌కి తిరిగి రావడం కూడా తగ్గుతుంది, చివరికి జామ్ అయ్యేది అన్నిటికంటే ఖరీదైన ఆ కంప్రెసరే. లీక్ మూసేస్తాయని అమ్మే సీలెంట్ డబ్బాలు ఇంకో ప్రమాదం, ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌ని మూసెయ్యగలవు, రికవరీ మెషీన్‌ని కూడా పాడుచేస్తాయి. వాతావరణం సంగతి కూడా ఉంది: ఆర్-134ఎ వేడిని పట్టి ఉంచే శక్తి వందేళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కి 1430 రెట్లు, కాబట్టి 150 గ్రాములు గాల్లోకి పోతే సుమారు 215 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, అంటే 90 లీటర్ల పెట్రోల్ కాల్చినంత.

కొత్త గ్యాస్, ఎలక్ట్రిక్ కార్లు

ఈ కారణంగానే యూరప్‌లో 2017 నుంచి కొత్త కార్లన్నిటిలో ఇదే లెక్కలో 1430కి బదులు 150 రెట్ల కంటే తక్కువ ప్రభావం ఉన్న గ్యాసే వాడాలి, అక్కడా అమెరికాలోనూ ఇప్పుడొచ్చే కార్లలో ఎక్కువగా ఆర్-1234వైఎఫ్ ఉంటోంది. ఇలాంటి గ్యాసుల్ని తగ్గించే అంతర్జాతీయ ఒప్పందమైన కిగాలీ సవరణని భారత్ 2021లో ఆమోదించింది, దాని ప్రకారం ఈ రకం గ్యాసుల వాడకం 2028లో స్థిరపడి తర్వాత మెల్లగా తగ్గాలి. ఆర్-1234వైఎఫ్ పాత గ్యాస్ కంటే చాలా ఖరీదు, కాబట్టి అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు స్టోర్‌లో డబ్బా కొని సొంతంగా నింపుకునే పాత అలవాటు కొత్త కార్లతో అంత చౌకగా కుదరదు. గ్యాస్ ధర పెరిగే కొద్దీ లీక్ వెతికించడమే లాభంగా మారుతుంది.

ఎలక్ట్రిక్ కార్లలో కంప్రెసర్‌కి సొంత మోటారు లోపలే సీల్ అయి ఉంటుంది, కాబట్టి షాఫ్ట్ సీల్ లీక్ అన్న సమస్యే లేదు. కానీ బ్యాటరీని చల్లబరచడానికి అదే గ్యాస్‌ని చిల్లర్ అనే ఇంకో చల్లబరిచే భాగానికి కూడా పంపే బండ్లలో పైపులు, జాయింట్లు పెరుగుతాయి, గ్యాస్ తగ్గితే ఇబ్బంది కూర్చున్నవాళ్ళకే కాదు, ఫాస్ట్ చార్జింగ్ వేగానికి కూడా. హై వోల్టేజ్ మోటారు ఆ నూనెలోనే తడుస్తూ ఉంటుంది కాబట్టి అక్కడ కరెంటుని పోనివ్వని పీఓఈ రకం నూనె వాడతారు, మామూలు కార్లకి వేసే పీఏజీ నూనెలో కలిపిన డై దాంట్లో పడితే ఇన్సులేషన్ దెబ్బతిని బండి స్టార్ట్ కాకుండా ఆగిపోవచ్చు. పెట్రోల్ కారుకి వాడిన డై సిరంజీనో, గేజ్ గొట్టాలనో కడక్కుండా ఎలక్ట్రిక్ కారుకి తగిలించినా ఆ ముప్పు ఉంది.